అర స్వరం పైన

మాస్టారు పోయారని ఫోను వచ్చేటప్పటికి నేనింకా ఆయన మీద అలిగే ఉన్నాను. మూడు వారాలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, పర్సుడీహ్‌లో వాళ్ళింటి నుంచి చేసింది. "పొద్దున్నే టీ తాగి మళ్ళీ తొంగున్నారమ్మా. మరి లెగలేదు" అంది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒళ్ళుమంట. తగువు మధ్యలో లేచి వెళ్ళిపోవడం ఆయనకి ఎప్పుడూ అలవాటే.

మాస్టారు ఉక్కు ప్లాంటులో మెయింటెనెన్స్ ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చి, గ్రీజు వదిలేదాకా కిరసనాయిలుతో చేతులు తోముకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అప్పుడు గానీ వయొలిన్ ముట్టుకునేవారు కాదు. ఆదివారాలు తెలుగు చర్చిలో వాయించేవారు. మా నాన్న రైల్వే గార్డు. టాటానగర్ కాలనీ నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఆయన దగ్గర పదేళ్ళు నేర్చుకున్నాను. "తప్పొచ్చిందని ఆగిపోకే. ముందు ముక్క పూర్తి చెయ్యి, తరవాత దెబ్బలాడుకుందాం" అనేవారు. ఆ మాట నాకు వయొలిన్ బయట కూడా చాలాచోట్ల పనికొచ్చింది. అందుకు ఆయనకి ఎప్పుడూ రుణపడి ఉంటాను. కోపం వేరే సంగతి.

కోపమంతా ఒక క్యాసెట్టు దగ్గర మొదలైంది. ఎవరో తెచ్చిచ్చిన విదేశీ రికార్డింగు, వయొలిన్‌కీ పియానోకీ రాసిన సొనాటా. మాకు అదే రెండో గురువు. వాళ్ళింటి టేప్ రికార్డరు మోటారు కాలిపోతే మాస్టారు వేరే మిషనుది తెచ్చి స్వయంగా బిగించారు. అది ఉండాల్సినదానికన్నా కాస్త జోరుగా తిరిగేది. టేపు జోరుగా తిరిగితే నడక ఒక్కటే కాదు, శ్రుతి కూడా పైకి పోతుంది. ఇ మైనర్‌లో ఉన్న సొనాటా ఆ గదిలో అర స్వరం పైకెక్కి ఎఫ్ మైనర్ అయి కూర్చుంది. శిష్యులమంతా మా వయొలిన్లు ఆ టేపుకే శ్రుతి చేసుకున్నాం. వేళ్ళు నొటేషను పుస్తకంలో ఉన్నచోటే పడేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తీగలకి మాత్రం తెలుసు. సన్నతీగ వారానికొకటి పుటుక్కుమనేది. "ఎండలు" అనేవారు మాస్టారు. జనవరిలో తెగితే "చలి" అనేవారు. చర్చికి వెళ్ళినప్పుడు హార్మోనియానికి సరిపోయేలా దించుకునేవారు, ఇంటికొచ్చి మళ్ళీ బిగించేవారు. హార్మోనియమే పాడైందని ఆయన గట్టి నమ్మకం.

వయొలిన్ గ్రేడు పరీక్షకి కలకత్తా వెళ్ళాను. నాకు తోడు వాయించే పియానో ఆవిడ మొదలుపెట్టింది, నేను అందుకున్నాను. అప్పుడు పుట్టిన మోత తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పరీక్షకుడు చెయ్యెత్తి ఆపి, శ్రుతి చేసుకోలేదా అన్నాడు. గబగబా తీగలు దించాను. అయినా ఏం లాభం? ఆవిడ నిదానంగా, ఆలోచించుకుంటూ వాయిస్తోంది. నేను రైలు తప్పిపోతుందన్నట్టు ముందుకు పరిగెత్తాను. ఫెయిలయ్యాను. మళ్ళీ ఆ పరీక్ష జోలికి పోలేదు. తిరిగొచ్చి జరిగింది చెబితే మాస్టారు నింపాదిగా అన్నారు: "పియానో దిగిపోయుంటాది. కలకత్తాలో తేమెక్కువ."

మీకు నవ్వొస్తోంది కదూ? నాకు ఇరవయ్యేళ్ళుగా రాలేదు. "తప్పు నాదేనే" అని ఆయన నోట ఒక్కసారి వినాలని ఉండేది. అంతకన్నా ఏమీ అడగలేదు.

ఈమధ్య అదే రికార్డింగు ఫోన్లో దొరికితే పట్టుకెళ్ళి వినిపించాను. రెండో భాగం ఎంత దిగులుగా ఉందని! మా టేపులో అదే భాగం షిఫ్టుకి ఆలస్యమైనవాడి హడావుడిలా ఉండేది. మాస్టారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ఆశపడ్డాను.

"జొరమొచ్చినోడు వాయించినట్టుంది" అన్నారు.

సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాను. ఆ మోటార్ల వెనక వేగం సవరించే మర ఒకటి ఉంటుంది. కొద్దిగా తిప్పితే చాలు.

"ఒక్కసారి తిప్పనివ్వండి మాస్టారూ. తేడా మీరే వింటారు."

"ఏటే నువ్వు తిప్పేది? జిందగీ అంతా మిల్లు మోటార్లు బిగించినోణ్ణి. నా చేతి మోటారు గలత్ తిరుగుతాదా?"

"మరి నా పరీక్ష ఎవరివల్ల పోయింది?"

ఆయన స్క్రూడ్రైవరు నా చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకున్నారు. "ఇంక ఎల్లమ్మా. వానొచ్చేలాగుంది." వాన రాలేదు. నేను మళ్ళీ వెళ్ళలేదు.

జ్ఞాపకార్థ కూడికలో ఆ రెండో భాగం వాయించమని అమ్మగారు అడిగింది. ఒప్పుకున్నాను, నిజం చెప్పాలంటే కొంచెం దురుద్దేశంతోనే. శిష్యులంతా వస్తారు. సరైన శ్రుతిలో, సరైన నడకలో వాళ్ళ చెవిన పడేస్తాను. ఆయన లేనిచోట గెలిచి ఏం చేసుకుంటానో ఆలోచించలేదు. నేను తీగలు దించుతుంటే, మొన్నటిదాకా మాస్టారి దగ్గర నేర్చుకున్న పిల్ల ఒకతి కంగారుపడి, "ఆంటీ, యే తో నీచే హో గయా" అంది. శ్రుతి కిందికి పోయిందని ఆ పిల్ల గోల. ఇదే కరెక్టని కసిరాను.

మొదలుపెట్టాను. నెమ్మదిగా, పుస్తకంలో రాసినట్టుగా. ముందు వరసలో కూర్చున్న అమ్మగారి పాదం చీర అంచు కింద కదలడం కనిపించింది. తాళం వేస్తోంది, మాస్టారి నడకలో. ఆవిడ పాదం ముందే లేచి, నా విల్లు వచ్చేదాకా గాల్లో ఆగిపోయేది. నేను చేరుకునేసరికి మళ్ళీ ముందుకు పోయేది, మళ్ళీ ఆగేది. వంటింట్లోంచి ఆ టేపు ఎన్నేళ్ళు విందో! తలెత్తి నా విల్లు వైపు చూసింది.

నాకు మండుకొచ్చింది. ఆయన మీదో, నా మీదో తెలియదు. శ్రుతి మధ్యలో మార్చడానికి లేదు. నడక నా చేతిలోనే ఉంది. పెంచాను. పుస్తకంలో మరో రెండు వరసలు దాటేసరికి ఆవిడ పాదం నేల మీద పడటం, నా విల్లు తిరగడం ఒక్కసారే జరిగాయి. తర్వాత ఆ పాదం ఇంక గాల్లో ఆగలేదు.