నలభై ప్రతుల ఉపసంహరణ

నిప్పు, చక్రం తరవాత మానవజాతి సాధించినవాటిలో చరిత్రకారుల కన్ను కప్పి తప్పించుకున్నది ఒకటుంది. బీమా కార్యాలయంలో పాత ఫైళ్లు చూసే ఎడిటర్ గారు చేతికందిన ప్రతి కాగితాన్నీ ఎనిమిది గళ్లుగా మడవడం. బస్సు టికెట్టు, మందుల చీటీ, పై అధికారి పంపిన సంజాయిషీ నోటీసు, ఏదీ ఆ వేళ్లను దాటి పోలేదు. అడ్డంగా ఒక మడత, నిలువుగా మరో రెండు, మధ్యలో ఒక్క కత్తెర గాటు. అంతే, కాగితం ఎనిమిది పేజీల పుస్తకమైపోయేది. "కళ్లు మూసుకుని మడుస్తాను" అని ఆయన తరచూ అనేవారు. ఎవరూ అడక్కపోయినా అనేవారు.

ఎడిటర్ అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. నెలకోసారి ఆయన సొంతంగా రాసి, బొమ్మలు వేసి, జిరాక్స్ తీయించి, నలభై మందికి ఊరికే పంచే చిట్టి పత్రిక దానికి కారణం. రచయిత, చిత్రకారుడు, తప్పులు దిద్దేవాడు, మోసేవాడు అన్నీ ఒక్కరే. అయినా సంపాదకవర్గంలో విభేదాలు రాకపోలేదు.

విషయం నెలనెలా మారేది. ఎందుకంటే ఎడిటర్ గారి ప్రాణం నెలకొకదాని మీదికి పోయేది. ఒక నెల పాత టైప్‌రైటర్లు. మరో నెల గ్రామఫోను రికార్డులు. వాటిని వినే యంత్రం ఇంట్లో లేదు గనక అట్టల మీది అక్షరాలు చదివి పరవశించేవారు. ఈ నెల పరాయి భాషల నలుపు తెలుపు సినిమాలు, అందులోనూ ఏమీ జరగనివి. ఒకాయన కిటికీ దగ్గర నిలబడతాడు. ఇరవై నిమిషాలయ్యాక కూర్చుంటాడు.

"ఇప్పుడెందుకు కూర్చున్నాడండీ?" అంది భార్య.

"అక్కడే ఉంది దర్శకుడి ప్రతిభంతా."

"కాళ్లు పీకి ఉంటాయి."

ఈ విమర్శ ప్రచురణకు నోచుకోలేదు.

ఆ పద్నాలుగో సంచిక అసలు ప్రతి సిద్ధమైంది. ఈ విద్యలో ఒక కిటుకుంది. కాగితం మీద పై వరసలోని నాలుగు పేజీలనూ తలకిందులుగా అతికించాలి. అప్పుడే మడిచాక అన్నీ నిటారుగా వస్తాయి. ఎడిటర్ గారు అలాగే అతికించి, జిరాక్స్ షాపు ఆవిడ చేతిలో పెట్టి ఆఫీసుకి పోయారు. సాయంత్రం కట్ట ఇంటికి తెచ్చి, టీవీ ముందు కూర్చుని, కళ్లు సినిమా కింద పడే అక్షరాల మీద, వేళ్లు కాగితాల మీద పెట్టి అన్నీ మడిచేశారు. ఒక్కోదానికీ ఎర్ర కాగితం పట్టీ చుట్టి జిగురు రాశారు. పట్టీ చింపితే తప్ప పత్రిక తెరుచుకోదు. పాఠకుడు దాన్ని చింపే క్షణం పవిత్రమైనదని ఆయన సిద్ధాంతం.

మర్నాడే పంచేశారు. ఆ మర్నాడు భోజనం చేసి, తన కోసం దాచుకున్న ప్రతిని తీరిగ్గా విప్పారు. అట్ట బాగానే ఉంది. లోపల నాలుగు పేజీలు శీర్షాసనం వేసి ఉన్నాయి.

"కొంప మునిగింది! ఒక్కడు విప్పి చూసినా నా పరువు గంగలో కలిసినట్టే. ఎవరూ పట్టీ చింపకముందే నలభై ప్రతులూ వెనక్కి రావాలి."

"పుస్తకం తిప్పి చదువుకుంటారులెండి."

"నీకేం తెలుసు సంపాదకుడి బాధ!"

"నాకేం తెలుస్తుంది, నేను ఆ బాధ పక్కన కాపురం మాత్రమే చేస్తున్నాను."

సెలవు పెట్టి మరీ దండయాత్ర మొదలైంది. ముందు ఆఫీసు. పదకొండు మంది సొరుగుల్లోంచి పదకొండు ప్రతులు తీసిచ్చారు, పట్టీలతో సహా. ఎడిటర్ గారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. పళ్ల డాక్టరు గారి వరండాలో బల్ల మీద పద్దెనిమిది పెట్టారు, పద్దెనిమిదీ ఉన్నాయి. పన్ను పీకించుకోబోయేవాళ్లు గోడ వంక చూస్తూ కూర్చున్నారు. మంగలి దుకాణంలో పెట్టిన పదీ అద్దం ముందే దొరికాయి. ముప్పై తొమ్మిది. పట్టీలు మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు. ఎందుకోగానీ, ఊపిరి మొదట పీల్చుకున్నంత హాయిగా అందడం లేదు.

మిగిలింది బావమరిది. ఈయన్ను చూడగానే బీరువా తలుపు బార్లా తెరిచాడు.

"పోగొట్టాననుకున్నావా బావా? మొదటి నెల నుంచీ వరసగా పేర్చాను చూడు. ఒక్కదానికి పట్టీ ఊడితే అడుగు!"

పద్నాలుగు ఎర్ర పట్టీలు వరసగా మెరుస్తున్నాయి.

మనిషి కోరిక ఇంత సంపూర్ణంగా తీరడం అరుదు. నలభై ప్రతులూ సంచీలో వేసుకుని, పొంగుకొచ్చిన కోపమంతా ఎవరి మీద చూపాలో ముందే తెలుసు గనక, ఎడిటర్ గారు నేరుగా జిరాక్స్ షాపుకి నడిచారు.

"నా అసలు ప్రతిని ముట్టుకున్నదెవరు?"

"నేనేనండీ," అంది షాపావిడ, మెడకు కట్టుకున్న నొప్పి బెల్టు సర్దుకుంటూ. "పై వరసంతా మీరు ప్రతి నెలా తిరగేసి అతికిస్తారు. చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకుని, మెడ వంచే చదువుకునేదాన్ని. ఈ నెల మెడ పట్టేసింది. అందుకని కత్తిరించి, సరిగ్గా అతికించి పెట్టాను. ఏం, బాగా రాలేదా?"

ఎడిటర్ గారు సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "చదివేవారా?"

"మిషను తిరుగుతుంటే ఇంకేం పనండీ? అన్నీ చదివాను. అవునూ, అడగాలనుకుంటున్నాను. ఏడో దాంట్లో గోడల మీది నాచు గురించి రాశారు చూడండి. ఎండల్లో అది ఎక్కడికి పోతుందో వచ్చే నెల చెబుతానన్నారు. ఏడు నెలలైంది. ఎక్కడికి పోతుందండీ?"

ఎడిటర్ గారికి తెలియదు. నాచు మీద మోజు ఆ నెలాఖరుకే తీరిపోయింది.