ఏరుపోసిన రాజు

రాజమణి గొంతు లావు. కొంత పుట్టుకతో వచ్చింది, మిగతాది సంపాదించుకున్నది. కొడకండ్లలో పదో తరగతి కాగానే పెళ్లై జనగామ వచ్చిన మనిషి, ఇరవై ఏళ్లుగా భర్త ప్రకాశంతో కలిసి మార్కెట్‌లో పప్పుల దుకాణం నడుపుతోంది. రోడ్డుకు అవతల ఉన్న హమాలీని ఇవతలి నుంచే కేకేసి పిలవాలంటే కోకిల గొంతు పనికిరాదు. కోడలికి ఇదేం గొంతని అత్త వెంకటనర్సమ్మ కొత్తలోనే ముఖం చిట్లించింది. అలాంటి గొంతుకు ఒక రాజు వేషం రాసిపెట్టి ఉందని ఎవరనుకుంటారు?

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, భూపాలపల్లిలో బొగ్గు బావులూ ఆగాయి. జనగామ చౌరస్తా టెంటులో ఒకరోజు వకీళ్లు, ఒకరోజు మంగలివాళ్లు, ఒకరోజు పంతుళ్లు వంతులవారీగా దీక్షకు కూర్చుంటున్నారు. బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి ఆడవాళ్ల వంతు వచ్చింది. ఆ రోజు వేదిక మీద మగపురుగు కనిపించకూడదని షరతు.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ప్రత్యూషది చిట్యాల. బస్సుల్లేక జనగామలో అద్దె గదికే అతుక్కుపోయింది. పాటలూ ఉపన్యాసాలూ అందరూ చేస్తున్నారు, మనం నాటకం వేద్దామంది. ఇంగ్లీషు వాళ్లు నాలుగు వందల ఏళ్లుగా నెత్తిన పెట్టుకుని తిరుగుతున్న నాటకాన్ని తెలుగులో రాసి తెచ్చింది. ఒక ముసలి రాజు, ముగ్గురు కూతుళ్లు, రాజ్యం పంపకం, ఆ పైన తుఫాను, పిచ్చి, చావులు. పూర్వం వాళ్ల దేశంలో ఆడవేషాలు కూడా మగపిల్లలే కట్టేవారట. ఇప్పుడు పెద్ద పెద్ద నగరాల్లో మొత్తం ఆడవాళ్లే కలిసి, రాజుల వేషాలు కూడా తామే కట్టి ఆడుతున్నారట. అక్కడ ఆడగా లేనిది జనగామలో ఎందుకు కూడదన్నది ఆమె వాదం. అరకిలో పెసరపప్పు కోసం వచ్చి, రాజమణి హమాలీని పిలిచిన పిలుపు విని, రాజు దొరికాడని అక్కడే తేల్చేసింది.

రాజమణికి మొదటి భయం మీసం గురించి. మీసం వద్దు, కట్టుకున్న చీర మీదే కండువా వేసుకుని నిలబడితే చాలు అంటుంది ప్రత్యూష. మీసం లేని రాజును ఎవరు నమ్ముతారని ఈమె బెంగ. రెండో భయం మాటలు. 'విభజించుచున్నాను' అన్న మాట నాలుగు రోజులు నమిలినా ఆమె నోట పలకలేదు. ఒక సాయంత్రం విసుగెత్తి తన భాషలో అనేసింది.

"రాజ్యాన్ని మూడు పాళ్లు జేసి మిమ్ముల ఏరుపోస్తున్న. నా మీద ఎవలికి ఎంత పావురమున్నదో చెప్పున్రి."

కూతుళ్ల వేషాల వాళ్లు పకపకా నవ్వారు. ప్రత్యూష నవ్వలేదు. కలం తీసి తను రాసిన మాటలు కొట్టేసి, ప్రేమ అని ఉన్నచోట పావురం అని దిద్దింది. ఉమ్మడి ఇంటిని విడదీసి ఎవరి కాపురం వాళ్లకు పెట్టించడాన్ని మా వైపు ఏరుపోయడం అంటారు. ఆ మాటతో రాజమణికి పాత వైరం ఉంది.

ఆరేళ్ల కిందట, పదకొండు మంది ఉన్న ఇంట్లో, దుకాణం నుంచి వచ్చి అందరూ తిన్నాక అడుగున మిగిలిన చల్లన్నం తినీ తినీ విసిగి, వేరే పొయ్యి పెట్టుకుంటానని అడిగింది. చుట్టాలు కూడి పంచాయితీ చేశారు. ఆనాడు అక్కడ ఏం జరిగిందో ఆమె పుట్టింట్లో కూడా చెప్పుకోలేదు. ఇంటి మధ్యన గోడ లేచింది, వెంకటనర్సమ్మ చిన్నకొడుకు వైపు ఉండిపోయింది. బజారంతా రాజమణికి 'ఇల్లు ఇరగ్గొట్టిన కోడలు' అని పేరు పెట్టింది. ఆ రోజు నుంచి అత్త ఆమెతో మాట్లాడలేదు, ఆమె పేరెత్తలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెబుతుంది, లేదంటే మనవరాలిని పిలిచి మీ పెద్దమ్మకు చెప్పమంటుంది. నోరున్న మనిషి ఆరేళ్లు అలా ఉండటం మామూలు పట్టుదల కాదు.

నాటకం రేపనగా, టెంటు పనులన్నీ చూసే వకీలు చంద్రమోహన్ పొద్దున్నే దుకాణానికి వచ్చాడు. కాగితాలు అడిగి తీసుకుని కందుల బస్తా మీద కూర్చుని చదివాడు. చదువుతుంటే అతని ముఖం మాడిపోయింది.

"అక్కా, గిది రాజ్యం పంచి ఆగమైన రాజు కథ. రాష్ట్రం పంచితె ఆగమైతరనే గద అవుతలోళ్లు మొత్తుకుంటున్నది. మన టెంటుల మనమే గది ఆడి సూపిస్తమా?"

మూడు వారాలు తంటాలు పడిన వాళ్లలో ఒక్కరికైనా ఈ సంగతి తట్టలేదు. ప్రత్యూషకు తుఫానులో తిరిగే ముసలివాడు కనిపించాడు, కూతుళ్లకు చీరల రంగులు కనిపించాయి, రాజమణికి లేని మీసం కనిపించింది. రాష్ట్రం కావాలని కూర్చున్న టెంటులోకి పంపకంతో పాడైన రాజును మోసుకుపోతున్నామని ఎవరికీ కనిపించలేదు. పప్పులో కాలేయడమంటే ఇదే, అదీ పప్పుల దుకాణంలోనే.

మొదటి ఘట్టం తీసేసి తుఫాను నుంచి మొదలుపెట్టండని చంద్రమోహన్ సలహా. ప్రత్యూష ససేమిరా అంది. రాజు చేసిన తప్పు పంచడం కాదు, పొగిడినవాళ్లకే పెట్టడం. జనానికి ఆ మాత్రం అర్థమవుతుందంది. అర్థమైందో లేదో రాళ్లు పడ్డాక గాని తెలియదు కదా అని రాజమణి మనసులో అనుకుంది. ఒకసారి ఇల్లు విరగ్గొట్టిందన్న పేరు మోసింది. ఇప్పుడు తెలంగాణను వెక్కిరించిందన్న పేరు కూడా పడితే ఈ ఊళ్లో తలెత్తుకు తిరగడమెలా? మానేద్దామంటే మిగతా ఆడవాళ్ల ముఖం చూడలేదు. ఆ రోజంతా కంది అడిగిన వాళ్లకు మినుములు, మినుములు అడిగిన వాళ్లకు శనగలు పోసింది. జ్వరమని చెప్పి పడుకోమన్నాడు ప్రకాశం. నిజంగానే ఒళ్లు కాలుతోంది గాని, పడుకున్నా ఆ భయం పోయేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి టెంటు నిండా ఆడవాళ్లు, కట్టిన తాళ్లకు అవతల మగవాళ్లు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మలకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వాటిలో వెంకటనర్సమ్మ కూడా ఉంది. వీధి వీధంతా వస్తుంటే ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేయాలని వచ్చానంటూ, అడగకపోయినా పక్కామెకు రెండుసార్లు చెప్పింది.

రాజమణి చీర మీద కండువా వేసుకుని వేదికెక్కింది. ముందు వరస వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. పాళ్లు, ఏరు, పావురం, మాటలన్నీ ఎలాగో బయటపడ్డాయి. పెద్ద కూతురూ నడిపి కూతురూ రాజును ఆకాశానికెత్తి చెరో పాలు పట్టుకుపోయారు. చిన్న కూతురి వేషం కట్టిన ఇంటర్ పిల్ల శ్వేత మాత్రం తల వంచుకుని, పొగడ్త ఒక్కటీ లేకుండా నిలబడింది.

అప్పుడు తాళ్ల అవతల నుంచి ఒకతను అరిచాడు, ఏరుపోయడం తప్పనా మీరు చెప్పేది, ఎవరు రాయించారీ నాటకమని. ఇంకో ఇద్దరు లేచారు. చంద్రమోహన్ వాళ్లను కూర్చోబెట్టబోయాడు గాని, తన అనుమానమే వాళ్ల నోట వస్తుంటే గట్టిగా చెప్పలేకపోయాడు. ఆడవాళ్లలో ఎవరో, ఇల్లు ఇరగ్గొట్టినామె గదా అని గొణిగారు. ఆ మాట రాజమణికి స్పష్టంగా వినిపించింది.

వెంకటనర్సమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. లేచి, మగవాళ్ల వైపు తిరిగింది.

"ఏరువడుడు తప్పు గాదు. నా ఇంట్ల ఏరువడ్డరు, ఎవలు సావలే. పాలు అడిగినోళ్లను పావురం సూపియ్యమనుడు తప్పు. నేను గట్లనే అడిగిన. సుట్టాల ముందట ఇద్దరు కోడండ్లను నిలవెట్టి, నా మీద ఎవలికి పావురమున్నదో చెప్పుమన్న. చిన్నది నన్ను దేవతన్నది. పెద్దది నోరు తెరువలే. గందుకు ఆరేండ్లు నేను నోరు మూసుకున్న."

లేచినవాళ్లలో ఇద్దరు కూర్చున్నారు. మూడోవాడు నిలబడే, చేతులు కట్టుకుని వేదిక వైపు తిరిగాడు.

ఆనాడు రాజమణి నోరు తెరవకపోవడానికి కారణం పావురం లేకపోవడం కాదు. ఒక పొయ్యి అడిగితే అందులోకి పావురం ఎందుకొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు, అంతే. ఇప్పుడు నోరు తెరవాల్సిన సమయం వచ్చింది. రాజు శ్వేతను తిట్టి, రాజ్యం నుంచి వెళ్లగొట్టాలి. మాటలు గుర్తున్నాయి. ప్రత్యూష పక్క నుంచి అందిస్తోంది కూడా. కాని ఆరేళ్ల కిందట అత్త చేసిన పనే ఇప్పుడు రాజుగా ఆడి చూపిస్తే, నిలబడి తప్పు ఒప్పుకున్న ముసలిదాన్ని ఊరి ముందు మళ్లీ నిలబెట్టి కొట్టినట్టుంటుందని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. శ్వేత ముఖం చూసింది, అత్త ముఖం చూసింది.

వెంకటనర్సమ్మ ఇంకా కూర్చోలేదు. ఈసారి వేదిక వైపు తిరిగింది.

"ఎల్లగొట్టు, రాజమణీ," అంది. "ఎల్లగొట్టినోళ్లు ఏమైతరో నన్ను గూడ సూడనీ."

రాజమణి చెంగుతో కళ్లు తుడుచుకుని, మార్కెట్ అవతలికి వినిపించే ఆ లావు గొంతుతో, చిన్న కూతురిని రాజ్యం నుంచి వెళ్లగొట్టింది.