వార్తల సారు అతికిన పడుగు

నా చిన్నప్పుడు మా శాంతి నగర్‌లో తెలుగు వార్తలను చెవులతో విన్నవాళ్ల కంటే కళ్లతో చూసినవాళ్లే ఎక్కువ. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది కానీ మహారాష్ట్రలోని భివండీలో పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మా గల్లీలో దాదాపు ప్రతి ఇంటి కిందా సాంచాలు నడిచేవి. మరమగ్గాలను మేము సాంచాలనే అంటాం. ఆ చప్పుడులో ఒకరి గొంతు ఒకరికి అందదు కాబట్టి, కార్ఖానాలో పనిచేసేవాళ్లు పెదాలు కదిపి మాట్లాడుకునేవాళ్లు, ఎదుటివాళ్లు ఆ కదలికను చూసి జవాబు చెప్పేవాళ్లు. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య గడిపిన మా తాతయ్యకైతే బయటికొచ్చినా చెవులు పనిచేసేవి కావు. ఎవరు ఏం చెప్పినా మొహంలోకి చూసి తెలుసుకోవాల్సిందే. తను మాట్లాడేటప్పుడు మాత్రం ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకే తెలిసేది కాదు. మా ఇంట్లో ఏ రహస్యమూ గల్లీ చివరిదాకా వెళ్లకుండా ఆగలేదు.

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులవి. మా ఏరియాకు కేబుల్ ఇచ్చే ఆయన సొంతంగా ఒక చిన్న ఛానెల్ పెట్టి, సాయంత్రం ఆరున్నరకు పావుగంట తెలుగు వార్తలు వేసేవాడు. వాటిని చదివే మనిషిని ఊరంతా వార్తల సారు అనేది. దేశం సంగతులు రెండు ముక్కల్లో తేల్చేసి ఆయన అసలు విషయానికి వచ్చేవాడు. రేపు కరెంటు ఏ వేళకు పోతుంది, కరీంనగర్ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎవరింట్లో పెళ్లి, ఎవరు కాలం చేశారు, ధామన్కర్ నాకా కూడలి దగ్గర తప్పిపోయిన పిల్లవాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, ఇలాంటివి. ఆయనా సాంచాల మధ్య పుట్టినవాడే. చూసేవాళ్లలో సగం మందికి తన గొంతు వినపడదని ఆయనకు తెలుసు. అందుకే మొహం పక్కకు తిప్పకుండా, పెదాలు పూర్తిగా విప్పి, ప్రతి మాటనూ చివరిదాకా పలికేవాడు. మా తాతయ్య పనిచేసే కార్ఖానాలో గోడకు ఎత్తుగా ఒక చిన్న టీవీ ఉండేది. దాని సౌండు ఎవరూ పెంచేవాళ్లు కాదు. సాంచాలు నడుస్తుండగానే అందరూ తలెత్తి ఆ నోటివంక చూస్తూ వార్తలు తెలుసుకునేవాళ్లు.

ఒక గురువారం వార్తలు అయ్యాక ఆయన కాగితాలు పక్కన పెట్టి, ఈరోజుతో సెలవు తీసుకుంటున్నానని చెప్పి చేతులు జోడించాడు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లు కూడా ఉండవు. కారణం చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు. టీవీలో కనపడే మనిషి కదా అని నమ్మి నలుగురూ అప్పిస్తే, సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. అది బట్టకు గిరాకీ పడిపోయిన ఏడాది. చివరికి ఆ నాలుగింటినీ భంగారు వ్యాపారి పాత ఇనుము కింద తూకం వేసి పట్టుకుపోయాడు. అప్పులవాళ్లు స్టూడియో మెట్ల మీద వచ్చి కూర్చోవడం మొదలయ్యాక, ఇక కెమెరా ముందు కూర్చోలేనని ఆయనే మానుకున్నాడట.

ఆ వారమంతా మా ఊరికి వేరే వార్త అక్కర్లేకపోయింది. ధామన్కర్ నాకా చాయ్ హోటల్లో జనం రెండు పార్టీలయ్యారు. నోటితో బతికేవాడికి సాంచాలెందుకని ఒకరంటే, మనం పెట్టుకోలేదా, ఆయన పెట్టుకుంటేనే తప్పయిందా అని ఇంకొకరు. మొన్నటిదాకా ఎదురొచ్చి నమస్తే పెట్టినవాళ్లు ఆయన్ని చూడగానే రోడ్డు దాటడం మొదలుపెట్టారు. సంఘం పెద్దలు శాలువా కప్పి సన్మానం చేద్దామని మీటింగు పెట్టుకున్నారు కానీ, శాలువా ఎవరు తేవాలనే దగ్గర అది ఆగిపోయింది. పక్కింటి అక్క మాత్రం ఏడ్చింది. ఆమె పెళ్లి కబురు టీవీలో చదివింది ఆయనే. ఊళ్లో మనవాళ్లెవరైనా పోతే ఇక మనకు చెప్పేదెవరని మా నాయనమ్మ దిగులు పెట్టుకుంది.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. వార్తల సారును అనుకరించడంలో మా గల్లీలో నన్ను మించినవాళ్లు లేరు. లోపలి సామాను తీసేసిన పాత టీవీ డబ్బా ఒకటి మా మెట్ల కింద పడి ఉండేది. దాని వెనక తల పెట్టి, అచ్చం ఆయనలాగే పెదాలు విప్పి వార్తలు చదివేదాన్ని. ఆ బుధవారం సాయంత్రం పెద్దవాళ్లంతా మెట్ల మీద కూర్చుని ఆయన గురించే మాట్లాడుకుంటుంటే నాకు హుషారు పుట్టింది. డబ్బా వెనక కూర్చుని, కిలో లెక్కన సాంచాలు కావాలనుకునేవారు వార్తల సారును సంప్రదించగలరని చదివాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకోసారి చదవమన్నారు. చదివాను.

తాతయ్య అవతలి మెట్టు మీదే ఉన్నాడు. ఆయనకు వినపడదు కదా అని నేను ధీమాగా ఉన్నాను. అదే నా తెలివితక్కువతనం. సారును అంత బాగా అనుకరించాను కాబట్టే, నా పెదాల మీద ప్రతి మాటా తాతయ్యకు స్పష్టంగా కనపడింది. అందరూ నవ్వుతున్నా ఆయన నవ్వలేదు. లేచి వెళ్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"మంచిగ చదివినవ్ బిడ్డా. ఒక్క ముక్క గూడ పోలే."

అంతే అన్నాడు. తిట్టినా కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ పూట నేను ఇచ్చిన మంచినీళ్లు తీసుకోకుండా తనే లేచి ముంచుకున్నాడు.

మరునాడు బడి నుంచి రాగానే నన్ను వరాలా తలావ్ వైపు తీసుకువెళ్లాడు. చీకటి పడితే పెదాలు కనపడవని వెలుతురు ఉండగానే బయలుదేరదీశాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. చెరువు గట్టు మీద, నడకకు వచ్చినవాళ్లకు దూరంగా వార్తల సారు కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. టీవీలో కనపడే ఆ మనిషేనా అనిపించింది. క్షమాపణ చెప్పించడానికే తెచ్చాడనుకున్నాను. తాతయ్య ఆ ఊసే ఎత్తలేదు. ఆయన పక్కన చతికిలబడి, ఊరంతా సారూ అని పిలిచే మనిషిని తమ్మీ అని పిలిచాడు.

శనివారం బస్సుకు టికెట్లు తీసుకున్నానని, పెళ్లాం పిల్లలతో ఊరికి వెళ్లిపోతున్నానని సారు చెప్పాడు. మళ్లీ వచ్చే ఆలోచన లేదన్నాడు. "ఊర్ల గూడ మొకం చూపెట్టుడు కష్టమే కాకా. గని ఈడ అసలే అయితలేదు."

తాతయ్య పోవద్దని అనలేదు, ఓదార్చనూ లేదు. "రేపు శుక్రారం కరెంటు బంద్ గదా. ఒక బీము అతికేదున్నది. నా కండ్లకు పోగు ఆనుతలేదు తమ్మీ. ఈ పోరి అందిస్తది, నువ్వు అతుకు," అన్నాడు. చెవిలో చెప్పినట్టు వంగి చెప్పాడు కానీ, ఆ మాట చెరువు అవతలి గట్టుకు కూడా వినపడి ఉంటుంది. నడుస్తున్నవాళ్లంతా ఆగి చూశారు. ఆ పని వదిలి ఇరవై ఏళ్లయింది, చేతులు మరిచిపోయాయని సారు అంటుంటే తాతయ్య ఇంకా గట్టిగా అందుకున్నాడు. ఆ అరుపు ఆగితే చాలనుకున్నాడేమో, సారు వస్తానని ఒప్పుకున్నాడు.

శుక్రవారం మా భివండీకి వారం సెలవు. ఆ రోజు సాంచాలన్నీ ఆగిపోతే కార్ఖానా కొత్త చోటులా ఉండేది, గోడ మీది బల్లి అరుపు కూడా వినపడేది. పడుగు పోగులు చుట్టి ఉండే పెద్ద రోలును బీము అంటారు. అది అయిపోవచ్చినప్పుడు పాత పడుగును చివరిదాకా నేయరు. జానెడు మిగలగానే సాంచ ఆపి, ఆ పాత పోగుల కొసలకే కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. వేళ్లకు బూడిద అద్దుకుని సారు ఇటువైపు, పోగులు ఏరి అందిస్తూ నేను అటువైపు కూర్చున్నాం. వేల పోగులు. మొదట్లో ఆయన మెలి జారిపోయేది, మళ్లీ పెట్టేవాడు. నేను మెట్ల మీద చేసిన పని ఆయనకు తెలుసా తెలియదా అన్న భయంతో తలెత్తకుండా అందిస్తూ పోయాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయనే మాట మొదలుపెట్టాడు. "డబ్బ ఎనుక కూసోని నా తీరు చదువుతవట గద. ఒకసారి చదువు."

చేతిలో పోగు వదిలేశాను. ఏదో ఒక మంచి వార్త చదివి తప్పించుకోవచ్చు. కానీ ఆ నిశ్శబ్దంలో అబద్ధం ఆడటానికి నోరు రాలేదు. తల దించుకుని, ఏడుపు గొంతుతో, ఆ కిలోల వార్తే చదివాను. ఆయన మొత్తం విన్నాడు.

"తలకాయ దించి చదివితె మీ తాతకు ఎట్ల కనవడ్తది? ఎత్తి చదువు. ఆఖరి మాట మింగకు."

మళ్లీ చదివించాడు. నేను ఏడుస్తూనే తలెత్తి చదివాను. ఈసారి ఆయన నవ్వాడు. కిలోల లెక్కన కాదు, భంగారువాడు క్వింటాళ్లలో రాసుకున్నాడని, వార్త చదివేముందు సంగతి సరిగా కనుక్కోవాలని చెప్పాడు. నవ్వుతుండగానే ఆయన కళ్లు నిండాయి. బూడిద చేతులతో తుడుచుకుంటే మొహమంతా అంటుకుంది. నేను అన్ని రోజులుగా ఎగతాళి చేసింది ఒక మనిషినని నాకు అప్పుడు తెలిసింది.

కాసేపటికి తాతయ్య చూడటానికి వచ్చాడు. మాట మార్చడానికో ఏమో, ఇంత కష్టమెందుకు, ఆ పాత ముక్క కోసేసి కొత్తది ఎక్కించవచ్చు కదా అని అడిగాను. పాత పోగులు అప్పటికే సాంచలో ప్రతి తీగ కంటిలోంచీ, దువ్వెన పళ్లలాంటి ప్రతి పన్నులోంచీ దూరి ఉంటాయని, కొత్త పోగులకు దారి చూపించేవి అవేనని తాతయ్య వేలితో చూపించాడు.

"పాతది కోసి పారేస్తె కొత్తదాన్ని దేనికి అతుకుతవ్ బిడ్డా?"

ఎప్పటిలాగే గట్టిగా అన్నాడు. ఆగిపోయిన సాంచాల మధ్య ఆ మాట గోడలకు తగిలి తిరిగొచ్చింది. సారు చేతులు ఆగాయి. కొంచెం సేపు ఆ జానెడు పాత పడుగు వంకే చూశాడు. తర్వాత వేళ్లకు బూడిద అద్దుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

సాయంత్రానికి సగమే అయింది. అక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి అడ్డొచ్చింది. ఒకరు మొదలుపెట్టిన అతుకును ఇంకొకరి చేతికి ఇవ్వరు. మెలి అంతా ఒకే తీరుగా లేకపోతే సాంచ నడవగానే పోగులు తెగుతాయి. సగంలో వదిలేస్తే మొత్తం విప్పుకోవాల్సిందే. సాంచాల ఇంట్లో పుట్టినవాడికి ఆ సంగతి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. శనివారం పొద్దున సారు టికెట్లు వాపస్ ఇచ్చి నేరుగా కార్ఖానాకు వచ్చాడు. బీము అయ్యాక పోతానని అన్నాడు.

మిగతా సాంచాల చప్పుడు మధ్య సాయంత్రం దాకా కూర్చుని ముగించాడు. సాంచ నడిపితే నాలుగు పోగులు తెగాయి. అంతే. అతుకులు వరసగా పన్నులోంచి దాటి బట్ట మీదికి వస్తుంటే అందరూ చుట్టూ చేరి చూశారు. ఆరున్నర అయింది. అలవాటు కొద్దీ అందరూ టీవీ వైపు తలెత్తారు. దాంట్లో ఏదో పాట వస్తోంది. తలలు నెమ్మదిగా దిగి, ఒక్కొక్కటిగా సారు వైపు తిరిగాయి. ఎవరూ అడగలేదు. తాతయ్య మాత్రం ఆయన మొహం కనపడేలా పక్కకు జరిగి నిలబడ్డాడు.

సారు చేతులు దులుపుకుని వరస చివర నిలబడ్డాడు. తలెత్తి, గొంతు లేకుండా, పెదాలతో వార్తలు చదివాడు. రేపటి కరెంటు వేళలు. ఒక పెళ్లి. ఎవరింట్లోనో పుట్టిన ఆడపిల్ల. ఆఖరుగా ఇంకో వార్త. అది నాకు కూడా కనపడింది, ఒక్క ముక్క పోకుండా.

"వార్తల సారు సాంచాలు పోయినయి. రేపటి సంది ఆయన గీ కార్ఖానల్నే పనికొస్తుండు."

చప్పట్లు కొడితే ఆ మోతలో ఎవరికి వినపడతాయి. అందరూ రెండు చేతులూ పైకెత్తారు.

ఆయన అప్పులు ఎన్నాళ్లకు తీరాయో నాకు తెలియదు. కానీ ఆయన ఊరు వదిలిపోలేదు, ఆరున్నర వార్తలూ ఆగలేదు. పక్క కార్ఖానాల వాళ్లు కూడా తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లేవాళ్లు. ఆ బీము ముగిసిన మరునాడు, ఆదివారం, మా నాయనమ్మ సూదిలోకి దారం ఎక్కించలేక అవస్థ పడుతుంటే, పోగు ఆనడం లేదన్న మా తాతయ్య ఆమె చేతిలోంచి సూది తీసుకుని ఒక్కసారికే ఎక్కించాడు. నేను చూశానని గమనించి, గొంతు రాకుండా పెదాలు మాత్రం కదిపి, ఎవరికీ చెప్పవద్దన్నాడు. మా కార్ఖానాలో అన్నిటికంటే ఎక్కువ పోగులున్న బీమును ఆయన ఆ శుక్రవారానికి ఎందుకు ఎంచుకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

తాతయ్య లేడు. సారు కూడా లేడు. నేను ఇప్పుడు ఒక దవాఖానలో చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చుంటాను. సాంచాల మీద చెవులు పోగొట్టుకున్న పెద్దవాళ్లు రోజూ వస్తారు. వెనక వరసలో వాళ్లు తొందరపెడుతూనే ఉంటారు. దివాళా తీసి ఊరికి పోదామనుకుంటున్నవాళ్లూ వస్తారు, అలాంటివాళ్లకు చీటీ ఇచ్చేటప్పుడు ఏ పని వచ్చో కూడా అడుగుతాను, తెలిసినచోటు ఉంటే చెబుతాను. రోజుకు నూరు పేర్లయినా పిలుస్తాను. తల దించుకుని పిలిచిన పేరు ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.