పెదాలకు ఆనని మందు

నాన్నగారికి ఉబ్బసం. రేపల్లె గుడిలో అర్చన చేస్తుంటే మంత్రం సగంలో తెగిపోయేది. మిగతా సగం భక్తులే మనసులో పూర్తి చేసుకోవాలి. తొంభైల మొదట్లో ఒక చలికాలం అది మరీ ముదిరింది. తెనాలి డాక్టరుగారు మాత్రలు మాన్పించి, కొత్తగా పీల్చే మందు రాశారు. డబ్బా నొక్కితే పొగలా వస్తుంది. "అది ఆఖరి దశలో ఇచ్చేదటమ్మా" అని వీధిలో ఎవరో నా చెవిన వేశారు. పైకి కొట్టిపారేశాను గానీ గుండె పీచుపీచుమంటూనే ఉంది.

ఆ మందు ఆయన నలుగురిలో వాడరు. పెరట్లోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. నెల తిరిగినా ఆయాసం తగ్గకపోగా పెరిగింది. వీధిలో అన్న మాటే నిజమేమో, ఇక ఏ మందూ మిగల్లేదేమోనని నాకు అన్నం సహించేది కాదు. చివరికి ఆయన్ని బలవంతాన తెనాలి రైలెక్కించాను.

"ఎలా ఉందండి పంతులుగారూ?" అన్నారు డాక్టరుగారు.

"బాగానే... ఉందండి."

"మందు వాడుతున్నారా?"

"అవునండి."

వైద్యుడి మనసు నొప్పించకూడదని నాన్నగారి మర్యాద. నాకు ఒళ్లు మండింది.

"బాగా లేదండి. ఆయాసంతో పడుకోలేకపోతున్నారు. ఈ మందు పనిచెయ్యట్లేదు. ఇంకో మందేం లేదాండి?" అన్నాను.

డాక్టరుగారు నాన్నగారి వైపు తిరిగారు. "ఎలా పీలుస్తున్నారో ఒకసారి చూపించండి."

నాన్నగారు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, డబ్బాను జానెడు ఎత్తున పట్టుకుని నొక్కారు. మా ఇంట్లో చెంబు పెదాలకు తగలకుండా మంచినీళ్లు ఎత్తి పోసుకుంటాం, అచ్చం అలాగే. మందంతా ఫ్యాను గాలికి కొట్టుకుపోయింది.

"పెదాలతో బిగించి పట్టుకోవాలండి."

"ఎంగిలండి. మళ్లీ గర్భగుడిలోకి... వెళ్లాలి కదండి."

నేను విరుచుకుపడేలోపే డాక్టరుగారు అందుకున్నారు. "పీల్చాక ఎలాగూ నోరు పుక్కిలించాలండి. డబ్బా మూతి కూడా కడుక్కోవాలి. మీ మడి కోసం కాదు, ఈ మందు పద్ధతే అంత."

నాన్నగారి మొహం తేటపడింది. అక్కడే డాక్టరుగారు చెప్పినట్టు పీల్చి, కుళాయి దగ్గరికి వెళ్లి శుభ్రంగా పుక్కిలించి వచ్చారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. తిరుగు రైల్లో ఆయన ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాను.

వేమూరు దాటాక నాన్నగారు నా వైపు తిరిగారు. "ఉబ్బసం నాకు కాదు, గాలికి వచ్చినట్టు ఇన్నాళ్లూ దానికే వైద్యం చేశానేంటే అమ్మాయ్!"

నవ్వబోయి ఆగిపోయాను. అంత పొడుగు మాటను ఆయన మధ్యలో ఎక్కడా ఆగకుండా అన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.