మొదటి చుక్క వేయని స్లైడ్

ల్యాబ్‌లో ఆయన్ని చిన్నాపెద్దా అందరూ మరకల మావయ్య అనేవారు. గాజు స్లైడ్ మీద కణజాలపు పొర అతికించి, యాంటీబాడీ చుక్క వేసి, వెతుకుతున్న ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు మరక తేల్చడం ఆయన పని. ఆ పనిలో తన చేతికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. తీరా వంక పెట్టింది ఎవరయ్యా అంటే, సొంత కోడలు!

కోడలు పనిచేసేది ఆ ల్యాబ్ ఉన్న సంస్థలోనే, కింది అంతస్తులో. యాంటీబాడీల వివరాలు వెతికే సాఫ్ట్‌వేర్ ఆమె చేతి మీదుగా నడుస్తుంది. నంబరు కొడితే చాలు, అది ఏ జంతువులో తయారైంది, దేని మీద పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది, అన్నీ తెర మీదికి వస్తాయి. మావయ్య ల్యాబ్ ఏడాదిగా వాడుతున్న యాంటీబాడీ పక్కన ఆ పిల్ల ఎర్ర గుర్తు పెట్టింది. "ఇది ఎలుకలో తయారైనది. ఎలుక కణజాలం మీద దీని మరకను నమ్మవద్దు" అని కింద రాసింది కూడా.

ఇంకేముంది, ల్యాబ్ పెద్ద మేడం అగ్గిమీద గుగ్గిలమైంది. ఆవిడ పరిశోధన అచ్చుకు వెళ్ళబోతోంది. అందులో ఫోటోలన్నీ ఆ మరకలే. పైవాళ్ళకు ఫిర్యాదు చేసింది. రేపు సాయంత్రంలోగా రుజువు చూపించు, లేదంటే గుర్తు తీసేసి ఇంటికి వెళ్ళు అని వాళ్ళు కోడలికి చెప్పేశారు.

మర్నాడు పొద్దున్నే వంటగదిలో కోడలు ఆయన్ని పట్టుకుంది.

"మావయ్యా, ఒక్క స్లైడ్ చేసిపెట్టండి. మొదటి యాంటీబాడీ చుక్క వేయకుండా, మిగతాదంతా మామూలుగానే. మరక రాకపోతే తప్పు నాదేనని ఒప్పుకుంటా."

"అంటే, నా చెయ్యి మీద నీకు నమ్మకం లేదన్నమాట."

"మీ చేతిని ఎవరన్నారు? ఆ మందుని అంటున్నా."

"ఏడాదిగా ఆ మందు వేసిన చెయ్యి ఎవరిదో!"

"మీ గొడవలో నా అట్టు మాడిపోతోంది," అన్నాడు కొడుకు. ఇద్దరూ ఒకేసారి కొరకొరా చూసేసరికి అట్టు తనే తిరగేసుకున్నాడు.

నిజానికి అది ప్రతిసారీ చేయాల్సిన స్లైడే. మొదటి యాంటీబాడీ ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, రంగు తెచ్చే రెండోది ఆ మొదటిదాన్ని పట్టుకుంటుంది. మొదటిది వేయకపోతే రంగు రాకూడదు. మనుషుల కణజాలంతో పనిచేసినన్నాళ్ళూ అది ఎప్పుడు చేసినా తెల్లగానే వచ్చేది కాబట్టి, దండగ పని అని మావయ్య మానేశాడు. నిరుడు ల్యాబ్ ఎలుకల మీదికి మారింది. మావయ్య మాత్రం మారలేదు.

కోడలి నోరు మూయించాలనే మధ్యాహ్నం ఆ స్లైడ్ పెట్టాడు. తెల్లటి స్లైడ్ పట్టుకెళ్ళి ఆమె బల్ల మీద ఠపీమని పెట్టాలి. ఆ తర్వాత ఉద్యోగం తీసేయొద్దని మేడంని తనే బతిమాలుకుంటాడు. అబ్బో, అంత దయ ఆయనకి!

రంగు చుక్క వేసి మైక్రోస్కోప్‌లోకి వంగాడు. తెల్లగా ఉంది. "చూశావా మరి," అని గొణిగాడు. అంతలో అంచున లేత గోధుమరంగు కనిపించింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రంగు పాకుతోంది. చూస్తూ ఉండగానే స్లైడ్ నిండా, ఏడాదిగా తాను మురిసిపోయిన మరకలే తేలాయి. ఎలుకలో తయారైన మొదటిదాన్ని పట్టుకోవాల్సిన ఆ రెండోది, ఎలుక ఒంట్లో మామూలుగా ఉండే యాంటీబాడీలనే పట్టేసుకుంటోంది. వెతుకుతున్న ప్రోటీన్‌తో ఆ రంగుకి సంబంధమే లేదు.

పక్కనే పెట్టెలో పాత తెల్ల స్లైడ్లు ఉన్నాయి, మనుషుల కణజాలానివి. ఒకటి తీసి లేబుల్ మార్చేస్తే ఎవడికి తెలుస్తుంది? ఆయన చెయ్యి, ఛీ, నిజంగానే పెట్టె మీదికి వెళ్ళింది.

ఆ స్లైడ్ సంగతి విన్న మేడం అప్పుడే లోపలికి వచ్చింది. "తెల్లగానే ఉందిగా?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని పక్కకి జరిగాడు. ఆవిడ మైక్రోస్కోప్‌లోకి చూసింది.

"దీన్ని పారేయండి," అంది గొంతు తగ్గించి. "మీరు చేయలేదు, నేను చూడలేదు."

"మా అమ్మాయి ఉద్యోగం పోతుంది మేడం."

"ఇది బయటపడితే పోయేది మీది. ఏడాదిగా ఈ స్లైడ్ చేయనిది మీరే కదా?"

అది నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది. స్లైడ్ ట్రేలో పెట్టుకుని మెట్లు దిగాడు.

కోడలు ఫోటో తీసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం కనిపిస్తుందేమో, కనీసం దానికైనా తిడదామని చూశాడు. లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. తెర మీద ఒక గడి ఖాళీగా మిగిలింది. స్లైడ్ చేసినవారి పేరు అడుగుతోంది అది.

"నా పేరు వేసేస్తా మావయ్యా."

"నీకు స్లైడ్ పట్టుకోవడమే రాదు, ఎవడు నమ్ముతాడు? నాది కొట్టు."

"మీ ఉద్యోగం..."

"కొట్టమంటుంటే!"

గదిలో అందరూ తలలు తిప్పి చూశారు. కోడలి వేళ్ళు కదల్లేదు. ఆయన కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుని, కీబోర్డు తన వైపుకి జరుపుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు తనే కొట్టాడు.