అడిగేదాకా ఆగడం

ఇవాళ పొద్దున్న నా డిగ్రీ రిజల్ట్ వచ్చింది. ఫోన్లో హాల్‌టికెట్ నంబర్ కొట్టి, కళ్లు మూసుకుని తెరిచేసరికి పాస్ అని ఉంది. మా పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ డిగ్రీ చదివినవాళ్లు లేరు. ఆ మాట అబిడ్స్‌లోని మా మ్యాచింగ్ సెంటర్లో అందరికీ నా నోటితో చెప్పుకోవాలని ఎంత ఆశో. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి ఫోన్ లాక్కుని తాతకు, నాయనమ్మకు, జాకెట్టు బట్టకు వచ్చిన ఆడవాళ్లకు, పక్క షాపు ఆయనకు, ఆఖరికి టీ తెచ్చినతనికి కూడా చెప్పేసింది. “మా మమ్మీ డిగ్రీ పాసైంది. హిస్టరీల మంచిగొచ్చినయ్. ఇంగ్లీషుల మాత్రం జర తక్కువ.” ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు. నేను లైనింగ్ గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఈ పిల్లకు మాటలు వస్తాయా రావా అనే కదా ఒకప్పుడు నాకు ముద్ద దిగలేదు!

మా మామకు ఈ బజారులో ఒక పేరుంది. గిరాకీ చీర కొంగు మడత విప్పుతుండగానే, ఆయన చెయ్యి వెనక అరలోంచి సరిగ్గా ఆ రంగు ముక్కను లాగి ముందు పరిచేస్తుంది. అడిగాక ఇచ్చేది వ్యాపారం, అడక్కముందే ఇచ్చేది మర్యాద అంటారాయన. ఆ మర్యాద సాయంత్రం తాళంచెవులతో పాటు ఇంటికీ వచ్చేది. పిల్ల కుండ వైపు చూస్తే గ్లాసులో నీళ్లు, పైకి చూస్తే ఫ్యాను. మూడేళ్లు నిండినా అమ్మ, తాత, ఇంకో నాలుగు ముక్కలు తప్ప మాటల్లేవు. కావలసినదాని దగ్గరికి మా వేలు పట్టుకుని లాక్కుపోయేది. ఎంత తెలివో చూడండని మురిసిపోయేవాళ్లం.

పై వాటాలో అదే వయసు పిల్ల కోతి కథ మొత్తం చెప్పేస్తుంటే నాకు గుబులు మొదలైంది. డాక్టరుకు చూపిద్దామంటే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే అదే వసపిట్టలా వాగుతుందని ఆమె నమ్మకం. “మీ ఆయన గూడ ఆలస్యంగనే మాట్లాడిండు. దవాఖానకు తీస్కపోతే ఆడపిల్లకు లేనిపోని పేరు పడ్తది” అంది. ఆ పేరంటే నాకూ భయమే. అందుకే రేపు, ఎల్లుండి అంటూ నేనే వాయిదా వేశాను.

ఒక మధ్యాహ్నం పిల్ల షాపులో ఉన్నట్టుండి ఏడుపు అందుకుంది. నీళ్లిచ్చాం, బిస్కెట్ ఇచ్చాం, ఎత్తుకుని రోడ్డు మీది బస్సులు చూపించాం. మామ రిబ్బన్లు, లేసులు, మెరుపు గుండీలు, అరల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి దాని ముందు పెట్టారు. అది తల అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి గౌను మారుద్దామని విప్పితే నడుము దగ్గర గుండుసూది. షాపులోని లైనింగ్ గుడ్డలోంచి ఊడి, గౌనులో చిక్కి గుచ్చుకుంది. ఊరందరి మనసు ముందే కనిపెట్టే మనిషికి మనవరాలి నొప్పి ఎక్కడో తెలియలేదు. మామ ఆ సూదిని తీసి పక్కన పెట్టారు. “రేపు నాంపల్లి పోదాం బిడ్డా” అన్నారు. అత్తమ్మ పొద్దున్నే పిల్లకు ఉతికిన గౌను తీసి పెట్టింది.

నాంపల్లి దవాఖానలో ముందు చెవులు పరీక్ష చేసి, వినికిడి బాగానే ఉందన్నారు. తర్వాత స్పీచ్ థెరపీ మేడం పిల్లతో కింద కూర్చుని ఆడించింది. పిల్ల పై అరలో ఉన్న బొమ్మ కారు వైపు చూసిందో లేదో, మామ లేచి తీసి ఇచ్చేశారు. మేడం నవ్వింది.

“అంకుల్, జర ఆగుండ్రి. పాపను అడగనియ్యుండ్రి.”

“గిరాకీ నోరు తెరిసేదాక ఆగితే దుకాణం నడుస్తదా మేడం?”

“దుకాణంల మీ ఇష్టం. పాప దగ్గర మాత్రం ఆగాలె.”

ఆలస్యానికి తప్పు మీది కాదు, కానీ థెరపీతో పాపకు మేలు జరుగుతుంది, ఇప్పుడే మొదలుపెడదాం అని ఆమె నిదానంగా చెప్పింది. వస మాత్రం మానెయ్యమంది. అత్తమ్మ కొమ్మును గూట్లో దాచింది గానీ, వారం వారం మాకు టిఫిన్ డబ్బా కట్టింది ఆమే.

అన్నిటికన్నా కష్టం మామకే. చేతులు ఆగవని తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. పిల్ల రిబ్బను చుట్ట వైపు చూస్తే ఆయన సీలింగు వైపు చూసేవారు. నెలలు గడిచాయి. ఒకరోజు అది ఆయన గడ్డం పట్టి కిందికి దించి “తాతా, ఎర్రది ఇయ్యి” అంది. గిరాకీని వదిలేసి చుట్ట మొత్తం ఇచ్చేశారు. ఆ సాయంత్రం రిబ్బను షాపంతా పరుచుకుని ఉంది, ఎవరూ చుట్టలేదు.

థెరపీ గది బయట బెంచీ మీద నాకు పొద్దుపోయేది కాదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు తీసుకుపోయేదాన్ని. ఏం చదువుతున్నావని మేడం అడిగితే, ఇంటర్‌తోనే ఆపేశానన్నాను. మరి ఇంకా చదువుకుంటానని ఇంట్లో ఎవరినైనా అడిగావా అంది. అడగలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర అడిగాను. ఇదిగో, ఇవాళ్టి ఫలితం.

పిల్ల వీధంతా చాటింపు వేసి వచ్చాక, మామ ఆడవాళ్లను కాసేపు ఉండమని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

“ఇగ నువ్వు చెప్పు బిడ్డా. నేనింక ఇనలే.”

గొంతు సవరించుకుని చెప్పాను. కాలం కొందరికి అడక్కముందే అన్నీ తెచ్చి ముందు పరుస్తుందేమో; మా తల్లీకూతుళ్లకు మాత్రం, మేం అడిగేదాకా ఆగింది.