ఊరంతా తిరిగి ఏరుకొచ్చిన పరుపు

ఆ రోజుల్లో పరుపు కొనుక్కోవడమనే మాట మా వైపు ఎవరూ విని ఉండరు. పరుపు చేయించుకునేవాళ్ళు. దసరా వెళ్ళిపోయి, వానలు వెనకపట్టు పట్టి, తెల్లవారుజామున మోకాళ్ళు కడుపులోకి ముడుచుకోవలసినంత చలి మొదలైందంటే చాలు, దూదేకులాయన విల్లు భుజాన వేసుకొని వీధిలోకి వచ్చేవాడు. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఆ విల్లు నరంతో ఏకి, మళ్ళీ కూరి కుట్టి ఇచ్చిపోయేవాడు. ఇప్పటి పిల్లలు మెత్తటి నురగ పరుపుల మీద పొర్లుతూ నడుము నొప్పి అంటుంటే, ఒక పరుపు కోసం నేను పడిన పాట్లు చెబుదామని నోటిదాకా వస్తుంది. కానీ ఆ కథలో నా మర్యాద కొంచెం అడ్డం పడుతుంది. డెబ్బై దాటాక మర్యాదతో పెద్దగా పనిలేదని ఈమధ్యే గ్రహించాను కాబట్టి చెప్పేస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. డోన్ జంక్షన్‌లో పార్సిళ్ళ గుమాస్తాగా కొత్తగా చేరాను. ఆ వేసవిలోనే ఆత్మకూరు పిల్లతో నా పెళ్ళి జరిగింది. పిల్లకు పద్దెనిమిది నిండాయి (ఆ కాలపు లెక్కలో బాగా ఆలస్యం). తలంబ్రాల దగ్గర వాళ్ళ అవ్వ నా చెయ్యి పట్టుకొని, ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, పెళ్ళికి వచ్చిన వాళ్ళందరికీ వినబడేలా, "ఎన్నపూస మాదిరి ఉండాది చెయ్యి. దీంతో ఎప్పుడన్నా ఏదన్నా పని చేసినావా నాయనా?" అంది. అందరూ నవ్వారు. దానికి నేనేమీ బాధపడలేదు. పక్కన తల వంచుకొని కూర్చున్న పెళ్ళికూతురి భుజాలు కూడా ఊగడం చూశాను, అదే మనసులో ముల్లులా దిగింది. ఈ చేతులతో ఏదో ఒక పని చేసి ఆ పిల్ల ముందు నిలబడకపోతే నా బతుకెందుకు అనుకున్నాను. పార్సిళ్ళ మీద అచ్చులు కొట్టడం పని కిందికి రాదని నాకూ తెలుసు.

ఆ తరువాత ఆషాఢమనీ, మంచి రోజులు లేవనీ, అవి ఉన్నప్పుడు నాకు సెలవు లేదనీ నెలలు గడిచిపోయాయి. చివరికి దసరా దాటాక ఒక రోజు కుదిరింది. ఆ రాత్రికే మాకు కార్యం ముహూర్తం. అది తప్పితే మళ్ళీ నెల దాకా మంచి రోజు లేదని అయ్యవారు చెప్పారట. నాకు దొరికింది మూడు రోజుల సెలవు. కర్నూలు నుంచి, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో (సగం దారి అది మమ్మల్ని మోసింది, సగం దారి మేము దాన్ని తోశాము) ఆత్మకూరు చేరేసరికి పొద్దెక్కింది.

శరత్కాలంలో ఆ ఊరు చూడవలసిందే. పొలాల్లో శెనక్కాయలు పీకేస్తున్నారు, ఇంటింటా శెనక్కాయలు ఉడికే వాసన. వీధిలో ఒక్కరి చెయ్యీ ఊరికే లేదు. మా మామ ఇంటి ఎదురుగా కంబళ్ళు నేసే ఆయన నల్ల ఉన్ని పోగుల పడుగును వీధి పొడుగునా చాచి, దానికి చింతగింజల గంజి పూస్తున్నాడు. ఆ పక్కింట్లో కుమ్మరాయన దీపావళికని పచ్చి ప్రమిదలు వరసలుగా నీడకు పెట్టాడు. అరుగుల మీద ఆడవాళ్ళు పాత చీరలు పరిచి బొంతలు కుడుతున్నారు. ఇంతమంది పనివాళ్ళ మధ్య నేనొక్కణ్ణి ఇస్త్రీ చొక్కాతో నడుచుకుంటూ పోతుంటే నా చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మామ ఇంటి పడసాలలో దూదేకుల తాత పని చేస్తున్నాడు. తెల్లటి గడ్డం, తెల్లటి కనుబొమలు, వాటిమీద మరింత తెల్లగా దూది. ఆయన ముందు రెండు రకాల సరుకు ఉంది. ఒక పక్క ఇంట్లోవాళ్ళ పాత పరుపుల పత్తి దూది కుప్ప. ఇంకో పక్క తడి గోనెపట్ట కప్పిన పెద్ద గంప. ఆ గంపలోది మా పరుపు కోసం. ఆ ఇంటి ఆడపిల్లలకు మొదటి పరుపు బూరుగు దూదితోనే కుట్టాలని అవ్వ పట్టుదల. చెంచువాళ్ళు నల్లమల నుంచి తెచ్చిచ్చిన కాయలను వేసవిలోనే ఒలిచి, గింజ గింజా తన చేత్తో తీసి కుండల్లో దాచిందట. ఇంకో పరుపు మీద కార్యం జరగడానికి ఆమె ఒప్పుకోదని ఇంట్లో అందరికీ తెలుసు.

అన్నం తిని వచ్చి తాత పని చూస్తూ కూర్చున్నాను. కొయ్య గుండుతో నరం మీద కొడితే ఠంయ్‌మని మోగి, గడ్డకట్టిన దూది పువ్వులా విచ్చుకొని పక్కకు పడుతోంది. అడుగుదామా వద్దా అని కాసేపు నలిగి, చివరికి అడిగేశాను.

"నేను కొంచెం కొట్టి చూసేదా తాతా?"

"చూడప్పా. తప్పేముండాది," అని విల్లు నా చేతికిచ్చాడు.

మొదటి దెబ్బ నా మోకాలికి తగిలింది. రెండోది దేనికీ తగల్లేదు. పదో దెబ్బకో పదిహేనో దెబ్బకో నరం మోగింది, దూది కదిలింది. "శానా బాగుండాది. చెయ్యి తిరుగుతాంది," అన్నాడు తాత. సరిగ్గా అప్పుడే లోపలి తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. ఆ గాజులు ఎవరివో నాకు చెప్పనక్కరలేదు. ఇంకేం, నా మెడ ఒక బెత్తెడు పొడుగు సాగింది.

నమాజు వేళయిందని తాత లేచాడు. పోతూ పోతూ, "ఈ పాత దూది నీ ఇష్టం, ఎంతసేపన్నా ఆడించుకో. ఆ గంప మటుకు ముట్టుకోగాకు," అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మేలురకం సరుకు కొత్తవాడి చేతిలో పెట్టడం ఇష్టంలేక అలా అన్నాడని నేనే అనుకున్నాను. కాసేపు పత్తి దూది ఏకాను. తలుపు వెనక గాజులు మళ్ళీ మోగాయి. అమ్మమ్మల పరుపుల దూది ఏకితే గొప్పేముంది, మా పరుపు మా చేత్తోనే ఏకామంటే కదా గొప్ప అనిపించింది. గోనెపట్ట తీసేసి, రెండు చేతులా బూరుగు దూది తెచ్చి నరం కింద పెట్టి, బలంకొద్దీ ఒక్కటి కొట్టాను.

ఏకవలసిన దూది వేరు, బూరుగు దూది వేరు అని ఆత్మకూరులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. దాన్ని తలుపులు మూసిన గదిలో చేత్తో విడదీసి, నెమ్మదిగా పరుపు గలేబులో కూరుతారు. దానిమీద విల్లు ఆడించరు. నాకది తెలియదు. నరం మోగగానే ఆ దూది లేచి నా తల చుట్టూ తేలుతుంటే, ఆహా, నా పనితనం ఎంత సన్నంగా ఉందో అని మురిసిపోయాను. ఎంత ఎగిరితే అంత గట్టిగా కొట్టాను. గంపలోంచి మళ్ళీ తెచ్చాను, మళ్ళీ కొట్టాను. తలుపు వెనక నవ్వు వినబడింది. అది మెచ్చుకోలు నవ్వే అనుకొని ఇంకా ఊపందుకున్నాను. వీధి తలుపూ పెరటి తలుపూ బార్లా తెరిచి ఉన్నాయన్న సంగతి, ఒక గాలి అటునుంచి వచ్చి ఇటు పోయినప్పుడు గానీ నాకు తట్టలేదు. కళ్ళు నులుముకొని చూసేసరికి గంపలో అడుగున పిడికెడు మిగిలింది. మిగతాదంతా వీధిలో ఉంది.

ఆ సమయానికే మా మామ పొలం నుంచి వచ్చాడు. గడపలో నిలబడి, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, చేతిలో విల్లుతో కూర్చున్న నన్ను చూసి, "తాతా, మా అల్లుడు నిద్ర లేచినాడా?" అని అడిగాడు.

నేను కాసేపు ఆలోచించి, "లేచినాడు," అన్నాను.

మామ తల ఊపి లోపలికి పోబోయాడు. అంతలో అసలు తాత వెనకనుంచి మెట్లెక్కి వచ్చాడు. మామ ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఆయన్ను చూశాడు. తరువాత పోయి అరుగు మీద కూర్చున్నాడు. పెరట్లో పొయ్యి మీదున్న బెల్లం పాకంలో దూది పడిందని మా అత్త చెప్పడానికి వచ్చి, నన్ను చూసి, చెప్పకుండానే వెనక్కి పోయింది. తాత మాత్రం ఖాళీ గంప ముందు గొంతుకూర్చుని నిదానంగా అన్నాడు.

"నలభై ఏండ్లుగా ఈ పని చేస్తాండా. బూరుగు దూదిని విల్లుతో కొట్టినోన్ని ఇప్పుడే చూస్తాండా."

అవ్వ వచ్చింది. అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఆ పరుపు లేనిదే కార్యం లేదు, ఆ రోజు దాటితే నెల దాకా రోజు లేదు, నాకు సెలవు లేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే డోన్‌కు తిరిగిపోవాలి. జంక్షన్‌లో అందరూ వేలు పెట్టి చూపిస్తారు. అంతకంటే ఘోరం, తలుపు వెనకున్న పిల్ల నన్ను జన్మంతా చేతకానివాడి కింద జమకడుతుంది. అవ్వ నావైపు చూడకుండా తాతనే అడిగింది, ఏమైనా దారి ఉందా అని.

"యాడికి పోతాదవ్వా, గోడలకో చెట్లకో అంటుకొనుంటాది. ఏరుకొస్తే పొద్దు మునిగేలోగా నేను కుట్టిస్తా," అన్నాడు తాత.

"అయితే పోగొట్టినోల్లే ఏరుకొనిరావాల. ఎన్నపూస చేతులు గదా, దూది నలగదులే," అని అవ్వ ఖాళీ గంప నా చేతిలో పెట్టింది.

కొత్తల్లుడు గంప పట్టుకొని అత్తవారి వీధిలో దూది ఏరడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. పది అడుగులు వేశానో లేదో వెనక అడుగుల చప్పుడు. చూస్తే మా ఆవిడ. ఎవర్నీ అడగకుండా ఇంకో గంప చంకన పెట్టుకొని వచ్చేసింది. పగటిపూట, వీధిలో, మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన నడవడం ఆ రోజుల్లో జరిగే పని కాదు. వెనక్కి పిలుద్దామంటే అవ్వకు కూడా వెంటనే నోరు పెగల్లేదని తరువాత తెలిసింది.

కంబళ్ళాయన పడుగు నిండా గంజికి దూది అంటుకొని, నల్ల ఉన్ని కాస్తా నెరిసిపోయింది. ఆయన కోపంగా లేడు, అంతకంటే ప్రమాదంగా కుతూహలంగా ఉన్నాడు.

"ఈ దూది కోసం ఇంత తిప్పలెందుకప్పా?" అన్నాడు.

నేను పడుగు మీది దూది ఏరడంలో పడ్డాను. "పరుపుకు మామా," అంది మా ఆవిడ.

"ఎవురి పరుపుకు?"

ఆమె పక్కకు తిరిగి గోడమీది దూది గిల్లడం మొదలుపెట్టింది. ఆ పైన ఏ ఇంట్లోనూ ఎవరూ మమ్మల్ని ఆ ప్రశ్న అడగలేదు. మేము పోయేసరికే అందరికీ తెలిసిపోయి ఉండేది. కుమ్మరాయన, "నా ప్రమిదలకు మీరే వత్తులేసిచ్చినారు, పండగ పని సగం తప్పింది," అన్నాడు. బొంత కుడుతున్న ఒక ముసలామె దోసెడు దూది నా గంపలో పోసి, "ఇంద నాయనా, నా కొప్పులో చిక్కింది గూడా తీసిపెట్టినా. మంచి రోజు తప్పిపోగూడదు," అని దీవించింది. చిన్నా పెద్దా అందరూ చాటల్లో, కొంగుల్లో దూది పట్టుకొని గడపల్లో నిలబడి ఉన్నారు. మంచి మనుషులే. ఒక్కరైనా నవ్వు దాచుకొని ఉంటే ఇంకా మంచి మనుషులని ఒప్పుకునేవాణ్ణి.

మసీదు వెనక సందులో ఎవరూ లేరు. అక్కడ ఒక కంప చెట్టు ముళ్ళనిండా మా దూది ఉంది. ఇద్దరం చెరో వైపు నిలబడి ఏరుతున్నాము. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"బూరుగు దూదికి విల్లు పెట్టగూడదని నీకు తెలుసా?"

"తెలుసు," అంది. ఆమె నాతో నేరుగా ఆడిన మొదటి మాట అది.

నాకు ఒళ్ళు మండింది. "తలుపు వెనకే ఉంటివి గదా. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు గదా?"

ఆమె ముల్లు మీది దూదిని జాగ్రత్తగా తీసి గంపలో వేసి, నా ముఖంకేసి చూసింది.

"మీరంత సంతోషంగా కొడ్తాంటే ఎట్ల చెప్పేది?"

ఆర్నెల్లుగా నేను లోలోపల తయారు చేసుకున్న కోపమూ రోషమూ అక్కడికక్కడే ఎటో పోయాయి. పెళ్ళిపీటల మీద ఆమె నవ్వింది కూడా ఇలాగే అయి ఉంటుందా అని మొదటిసారి అనుమానం వచ్చింది. చెట్టు మీద దూది అయిపోయినా మేమిద్దరం కాసేపు ఆ చెట్టు దగ్గరే నిలబడ్డాము.

పొద్దు మునిగేలోగా తాత పరుపు కుట్టేశాడు. అందులో వేపాకులున్నాయి, శెనక్కాయ పొట్టుంది, నల్ల ఉన్ని పోగులున్నాయి, ఎండిన చింతగింజల గంజి పెళ్ళలు అక్కడక్కడా వీపుకు తగిలేవి. తలగడకు దూది చాలలేదు. అవ్వ దాన్ని నాలుగు వైపులా ఒత్తి చూసి, ముక్కు చిట్లించి, సరేనంది. ముహూర్తం తప్పలేదు. ఇంతకు మించి ఆ సంగతి రాయను (ఇది మనవరాళ్ళ కంట కూడా పడుతుంది).

ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా కాపురం చేశాము. నేను నా చేతులతో చాలా పనులు చేశాను, చేసినవన్నీ చెడగొట్టాను. ఇంటికి నేనే సున్నం వేస్తానని గోడలకంటే నాకే ఎక్కువ పూసుకున్నాను. మంచానికి నవారు నేనే అల్లుతానని, అందులో నా ఎడమ చెయ్యి కూడా కలిపి అల్లేశాను. ప్రతిసారీ ఆమె పక్కన నిలబడి అంతా చూసేది, అంతా అయ్యాక నవ్వేది, ముందుగా మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నేనూ మళ్ళీ అడగలేదు.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేను ఏ పనికి చెయ్యి పెట్టినా, "అట్ల కాదు తాతా, ఇట్ల," అని ఎవరో ఒకరు ముందుగానే చెప్పేస్తున్నారు. నేనూ బుద్ధిగా వింటున్నాను. ఈ నాలుగేళ్ళలో నా చేతుల్లో ఒక్క పనీ చెడిపోలేదు. అయినా ముసలితనం కదా, పని అయిపోగానే, ఇప్పుడు నవ్వు వినబడుతుందని, పక్కకు తిరిగి చూస్తుంటాను.